రూపాయి లెక్కయు, గింజ లెక్కయు
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరిరి. పంతుళ్లు విద్యను గూర్చి ప్రతియేటను మాటలాడుచునే యున్నారు. ఈ యేడు మన విద్యార్థివేతనములకై వచ్చిన అర్జీలను చదువు పని మాకు అప్పగింపబడెను. చదివి చూడగా, అందు సగము అర్జీలు చదువును గూర్చినవి కావు. బియ్యము, నూనె, బస్సుచార్జీ, మందులు, వీనిని గూర్చినవి. తండ్రి మగ్గముమీద దినమంతయు కూర్చున్నను ఇల్లు గడవకున్నదని పిల్లవాడు తన చేవ్రాతతో వ్రాసినప్పుడు వానికి వ్యాకరణము బోధింప మాకు నోరు రాలేదు. కావున ధరలను గూర్చియు, అవి మన యిండ్లలోని రూపాయిని ఎట్లు కొరుకుచున్నవో దానిని గూర్చియు నేడు ప్రసంగింప అనుజ్ఞ వేడుచున్నాము.

పత్రికలవారు దీనికి ద్రవ్యోల్బణమని పేరు పెట్టినారు. ఉల్బణమనగా మితిమీరినది. వైద్యగ్రంథములలో వాతోల్బణము, పిత్తోల్బణము అను ప్రయోగములు కలవు. దేహములో నుండవలసిన వాతమే తన పాలు మించి ప్రకోపించినచో రోగమగును. ద్రవ్యమును అట్టిదే. సరకుకంటె రూపాయలు మిక్కుటమైనను, రూపాయలు ఉన్నంతే యుండి సరకు తరుగైనను, ఒక్కొక్క రూపాయికి చేతికి వచ్చు సరకు తగ్గును. వానలు తప్పుట, దూరదేశములందు యుద్ధము, పెట్రోలు వెల, ప్రభుత్వముల అప్పులు, వర్తకుల నిలువలు, ఇట్లు కారణములు పెక్కులు. పండితులు వానిని గూర్చి వాదించుకొందురు. సంచి పట్టుకొని అంగడికి పోయిన ఇల్లాలికి మాత్రము కారణమేదైనను సంచి బరువు ఒక్కటే.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. 2025వ సంవత్సరము అక్టోబరు నెలలో దేశమంతటి చిల్లరధరల సూచిక, అంతకు ముందటి యేటి అక్టోబరుకంటె నూటికి పావు రూపాయి మాత్రమే హెచ్చినదని లెక్క వెలువడెను. 2012 మూలముగా కట్టబడిన ఆ సూచికలో అంత స్వల్పమైన పెరుగుదల అదివరకెన్నడును లేదు. ద్రవ్యోల్బణము తగ్గినదని వార్త. అది విని, ధరలు తగ్గినవని కొందరును, ఇది యంతయు బూటకమని కొందరును అనుకొనిరి. రెండును సరికావు. తగ్గినది పెరుగుట యొక్క వేగము. ఎక్కిన ఎత్తు అట్లేయున్నది. 2022-23లో సగటున నూటికి 6 రూపాయల 70 పైసలు, 2023-24లో 5 రూపాయల 40 పైసలు, 2024-25లో 4 రూపాయల 60 పైసలు ధరలు పెరిగెను. బడిపిల్లవాడు చక్రవడ్డి కట్టునట్లు కట్టి చూడుడు: మొదట 100 రూపాయలైన సరకు మూడేండ్లకు 117 రూపాయలు దాటినది. ఆ పదునేడు రూపాయలను ఎవ్వరును వెనుకకు ఇచ్చుటలేదు. మెట్లెక్కువాడు ఒక మెట్టుపై నిలిచినంతమాత్రమున క్రిందికి దిగినట్లు కాదుగదా.

మరియొక సంగతి. 2016లో రిజర్వుబ్యాంకు చట్టమును సవరించి, ఏటికి నూటికి 4 వంతున ధరలు పెరుగుటను లక్ష్యముగా నిర్ణయించిరి. రెండు హెచ్చినను, రెండు తగ్గినను ఓర్చుకొనవచ్చునని ఏర్పాటు. అనగా నాలుగు పెరుగుట రోగలక్షణము కాదు, ఆరోగ్యలక్షణమే. అందును తప్పు పట్టుట మా ఉద్దేశము కాదు. అయితే పెరుగుదల నూటికి ఎంతయో ఆ అంకెచే 72ను భాగించినచో ధరలు ఇనుమడించు కాలము సుమారుగా తెలియును. నాలుగైనచో 18 ఏండ్లు, ఆరైనచో 12 ఏండ్లు. 2009-10లో పారిశ్రామిక కార్మికుల ధరల సూచిక నూటికి 12కు మించి పెరిగెను. ఆ పోకడయే సాగినచో ఆరేండ్లు చాలును. అంతా సవ్యముగా నడచిన దినములలోనే, ఆడుబిడ్డ పుట్టిననాడు పెట్టెలో దాచిన రూపాయి ఆమెకు పదునెనిమిదేండ్లు నిండునాటికి అర్ధరూపాయి యగుచున్నదన్నమాట.

ఇక సగటు అనునది ఎవరిది? 2012 మూలముగా గల సూచికలో ఆహారపానీయములకు నూటికి దాదాపు 46 పాళ్లు, బట్టలకును చెప్పులకును కలిపి ఆరున్నర పాళ్లు ఇచ్చిరి. ధనికుని ఇంటిలో ఆహారమునకు నూటికి ఇరువది పోవును. మగ్గపుగుంటలో కాళ్లు పెట్టి బ్రతుకువాని ఇంటిలో అరువదియు పోవచ్చును. 2023 జూలైలో కూరగాయల ధరలు ముందటి యేటికంటె నూటికి 37 వంతున పెరిగెను. టమాట కిలో వంద దాటినది. ఆ నెల సూచిక మొత్తముమీద చూపినది ఏడున్నరకు లోపే. ఏడున్నర ధనికుని యెడ నిజమే కావచ్చును. 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణనములో, దేశములోని నేతకుటుంబములలో మూడింట రెండు వంతులవారికి నెలకు 5,000 రూపాయలైనను రాబడి లేదని తేలినది. అట్టి యింటికి టమాట ఒక్కటియే సూచిక.

నూనె సంగతి చెప్పిన మనకే సిగ్గు కలుగును. వేరుసెనగ పండు సీమ మనది; నూనెమిల్లులు గల పట్టణము ప్రొద్దుటూరు. అయినను మన బీదయిండ్ల బాణలిలో కాగునది ఓడలమీద వచ్చిన పామాయిలు. దేశమునకు కావలసిన వంటనూనెలో సగమునకు మించి పరదేశములనుండి వచ్చుచున్నది. 2022లో ఉక్రెయిను యుద్ధముచే పొద్దుతిరుగుడు నూనె రాకకు అడ్డము కలిగెను. ఆ యేప్రిలు కడపట ఇండోనేషియావారు పామాయిలు ఎగుమతిని కొన్ని వారములు ఆపివేసిరి. ఎక్కడి నల్లసముద్రము, ఎక్కడి జమ్మలమడుగు! మన పెన్నలో నీరు పారినను పారకున్నను, ఆ సముద్రములో ఓడ నిలిచిన మన యింటి తాలింపు నిలుచుచున్నది.

పులివెందుల వైపునుండి వచ్చినవారు మరియొక కష్టము చెప్పుదురు. అరటియు, చీనీయు పండించు తోటలవారికి తమ పంట వెల ఒక నెల లేచి, మరునెల నేల కూలును. ఎరువు, కూలి, మోటారుఖర్చు మాత్రము లేచినవి కూలవు. మనవారు ఆ తోటలలో కూలికిని, ఆ పండ్ల లారీలమీద బాడుగకును పోవువారగుటచే, రైతు నష్టము వారి పూటకూటికి తగులుచున్నది. దీనిని గూర్చి వేరొక సభ చేయదగును.

మా కులవృత్తికి వత్తుము. కూలిని రూపాయలలో లెక్కపెట్టుట మన దేశములో ఎప్పుడును ఏకైక పద్ధతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో సూత్రాధ్యక్షుని గూర్చిన ప్రకరణమున్నది. నూలు సన్నమో, ముతకయో, నడిమిదో చూచి వేతనము నిర్ణయింపవలెనని అందు విధించెను. మరియొకచోట రాజసేవకుల జీతములు చెప్పుచు, అరువది పణముల వేతనమునకు ఒక ఆఢకము ధాన్యమును కొలతగా గొని, రొక్కమునకు తగినట్లు భక్తమును, అనగా అన్నపు గింజలను, ఏర్పరచుమనెను. రొక్కము వేరు, తిండి వేరు అని ఆనాడే యెరిగియుండిరి. మన పల్లెలలో వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి కళ్లములో మేర కొలిచి యిచ్చుట మన తాతలనాటివరకు నడచినదే. గింజ వెల హెచ్చినచో వాని కూలి వెలయు తనంతటనే హెచ్చెడిది. ఆ యేర్పాటులో మర్యాదాభంగములు పెక్కులుండెను. దానిని మరల తెమ్మని మేము చెప్పుటలేదు. దాని కొలతలోని తెలివిని మాత్రము గమనింపుడనుచున్నాము. ఇందులో నేతవాడు ఎప్పుడును వెలుపలివాడే. వాడు బట్ట నేసి అమ్మి, రొక్కముతో గింజలు కొనవలసినవాడు.

కావుననే కరవు వచ్చినప్పుడెల్ల నేతవాడు ముందుగా చిక్కెను. 1876 మొదలు 1878 వరకు దత్తమండలములలో వచ్చిన మహాక్షామమును గూర్చి మీరు పెద్దలవలన వినియుందురు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దానివలన మిక్కిలి నష్టపడెను. అన్నము కొనలేనివాడు బట్ట కొనడు; బట్ట అమ్ముడుపోనివాడు అన్నము కొనలేడు. 1877 జనవరిలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు తన దూతగా సర్ రిచర్డు టెంపులును మదరాసునకు పంపెను. కరవుపనులలో మగవానికి దినమునకు ఒక పౌను గింజలును, ఒక అణాయును చాలునని ఆయన నిర్ణయించెను. కష్టించి రాళ్లు కొట్టువాని దేహమునకు ఆ తిండి చాలదని మదరాసు పారిశుద్ధ్యాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. కొన్ని నెలలకు కూలిని హెచ్చింపవలసివచ్చెను. టెంపులు కొలత క్రూరమైనదనుటలో సందేహము లేదు. అయినను ఆ వాదమంతయు ఒక మనుష్యునికి ఎన్ని గింజలు కావలెనను ప్రశ్నపై జరిగినది. ఎన్ని రూపాయలని ఎవరును అడుగలేదు, ఏలయనగా ఆ యేడు రూపాయికి ఇన్ని సేర్లని చెప్పుటకు నేటిమాట రేపటికి నిలువదు.

ఉద్యోగులకు ధరలనుబట్టి ఇచ్చు హెచ్చుజీతమును తెలుగువారు కరవుభత్యమని అనుచున్నారు. ఈ మాటను ఎవరు కల్పించిరో గాని, క్షామమును మరువని సీమవారి చేతినుండియే వచ్చినదేమో యని మాకు తోచును. మాబోటి విశ్రాంతోపాధ్యాయులకు ఆ భత్యము కలదు. ఆలస్యముగా వచ్చినను, ముక్కలుముక్కలుగా వచ్చినను, ధరల సూచిక కొంత యెక్కినచో మా పింఛనును కొంత యెక్కవలెనను సూత్రము ఉన్నది. మందుల వెలలకును అట్టి సూత్రమున్నది. ప్రభుత్వనియమమునకు లోబడిన అత్యవసర ఔషధముల వెలలను టోకుధరల సూచికనుబట్టి 2022 ఏప్రిలులో నూటికి 10 రూపాయల 76 పైసలు, 2023 ఏప్రిలులో 12 రూపాయల 12 పైసలు హెచ్చించుకొన అనుమతించిరి. ఉపాధిహామీ పనికి మన రాష్ట్రములో దినకూలి 2019-20లో 211 రూపాయలు, 2024-25లో 300. పంతులు పింఛనునకు సూచిక కలదు, మాత్రబిళ్లకు సూచిక కలదు, మట్టితట్ట మోయువానికి కలదు. చీర నేయువానికి లేదు.

పోషకమహాశయులు మన్నింపవలెను, ఈ మాట మీ యెదుటనే చెప్పవలసినది. మన కులములో నూలును పట్టును ఇచ్చి నేయించు షావుకార్లును, మగ్గముపై నేయువారును ఒకే గోత్రమువారు, ఒకే బంతిని భుజించువారు. పడుగునకింతయని మజూరి నిర్ణయించునది సర్కారు కాదు, మనమే. మచ్చుకు ఒక లెక్క. 2019లో ఒక చీరకు 1,000 రూపాయలు మజూరి యనుకొనుడు. 2024 నాటికి దేశపు చిల్లరధరల సూచిక దాదాపు మూడవవంతు హెచ్చినది. ఆ నేతవాడు 2019లో కొనిన సరకునే కొనవలెనన్న 1,300 రూపాయలకు మించి కావలెను. వెయ్యియే యిచ్చినచో, నాలుగు పాళ్లలో మూడు పాళ్ల కూలి యిచ్చినట్లు. నాలుగవ పాలును ఎవరును కోయలేదు, ఎవరును తిట్టలేదు, చీటిపై అంకెయు మారలేదు. అయినను ఆలుమగలు కలిసి చేసిన పనిలో, ఆమె రాట్నముముందు కండెలు చుట్టిన పాలు ఏదియో అది పోయినది.

షావుకార్ల పక్షమునను న్యాయమున్నది, దానిని దాచరాదు. 2021-22లో ముడిపట్టు వెల ఎట్లు లేచినదో వారి ఖాతాలను చూచినవారికి తెలియును. పట్టునకు రొక్కము ముందుగా పెట్టవలెను. చీరలు మాత్రము అరువుమీద పోయి, పండుగ దాటిన తరువాత గాని పైకము రాదు. మరమగ్గముమీద నేసిన బట్ట మగ్గపుబట్టయని పేరుపెట్టుకొని సగము వెలకు అమ్ముడగుచున్నది. మజూరి పెంచినచో చీర వెల పెరుగును, చీర నిలిచిపోవును, నిలిచిపోయిన చీర ఎవరికిని కూడు పెట్టదు. ఇదంతయు సత్యమే. అయినను పట్టు వెల హెచ్చినప్పుడు అమ్మినవానికి ఆ వెల ఇచ్చియే తెచ్చితిరి. హెచ్చు వెల ఇయ్యలేమని పట్టు మానుకొనలేదు. చేతిపనికి మాత్రము వెల హెచ్చదని అనుకొనుట, చేతిపని చేయువాడు చుట్టము కనుక అడుగడను ధైర్యము. వాడు అడుగుటలేదు, నిజమే. మగ్గమును చుట్టి అటకపై పెట్టి, కొడుకును బెంగుళూరికి పంపుచున్నాడు. గుంటమగ్గములు పూడ్చి బండలు పరచిన యిండ్లు జమ్మలమడుగు వీథులలో మీరు చూడలేదా?

ప్రభుత్వసాహాయ్యముపై నమ్మిక పెట్టుకొందమన్నను ఇదే చిక్కు. 2019 డిసెంబరులో సొంతమగ్గము గల నేతకుటుంబమునకు ఏటికి 24,000 రూపాయలిచ్చు పథకము మొదలై, 2023 జూలైలో అయిదవ విడత ఇచ్చువరకు నడచెను. అయిదుమారులును అంకె అదే. ఆ మధ్య సూచిక 150 నుండి 186కు ఎక్కెను. కడపటి 24,000తో కొనగలిగినది మొదటినాటి ధరలలో 19,400 రూపాయల సరకు మాత్రమే. ఇచ్చినవారిని నిందించుటకు ఇది చెప్పుటలేదు. ఏ పార్టీవారి కాలములోనైనను అంకె కట్టివేసిన దానము ఏటేట కరగును.

ఇప్పుడు మిక్కిలి విచిత్రమైన విషయము. మన కులములో సూచిక లేనేలేదని పైన అంటిమి. ఒకటి కలదు. ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లు దేశప్రసిద్ధములు; రెండవ బొంబాయి యని ఊరికి పేరు. స్వాతంత్ర్యము వచ్చిననాడు పది గ్రాముల బంగారము వంద రూపాయలకు లోపే. 2000లో సుమారు 4,400. 2025లో లక్ష దాటినది. ఆ యిరువదియైదేండ్లలో తక్కిన ధరలు నాలుగింతలకు కొంచెము మించి పెరుగగా, బంగారము ఇరువదిరెండింతలు మించెను. బంగారము దాచినవాడు మోసపోలేదు. మా ముసలమ్మల తెలివిని బ్యాంకువారికంటె మేము గౌరవింతుము. 2020-21లో బ్యాంకులు ఏటి డిపాజిట్టుకు నూటికి అయిదు ప్రాంతమున వడ్డీ యిచ్చుచుండగా ధరలు ఆరుకు మించి పెరిగెను. అయితే పెండ్లిమాటలలో మనము పిల్లతండ్రిని అడుగునది రూపాయలు కాదు, తులములు. ఇన్ని వేలని అడిగిన వరుని పక్షమునకు నష్టము వచ్చునని యెరిగి, తూకముచే అడుగుచున్నాము. 2000లో పది తులములకు 44 వేలు కూర్చిన తండ్రికొడుకు నేడు తన కూతురికి అదే పది తులములకు పది లక్షలు దాటి కూర్పవలెను. ఆ తండ్రి యెవడు? పడుగునకు మారని రూపాయల మజూరి తీసికొను నేతవాడే. వానికి ఇచ్చునప్పుడు అంకె, వానియొద్ద పుచ్చుకొనునప్పుడు తూకము. ఈ రెండు లెక్కలు ఒకే యింటి గోడకు రెండువైపుల నున్నవి; ఇంతకంటె మేము వ్యాఖ్య చేయము. పిల్లను రెండు తులములతో పంపినను పుచ్చుకొందుమని ముందుగా మన పోషకులే తమ యిండ్లలో చేసి చూపినచో, తక్కినవారికి ధైర్యము వచ్చును.

మన సంఘపు శాశ్వతనిధులను గూర్చి ఒక మాట. వసతిగృహపు గోడలో పాలరాతిపై దాతల పేర్లు, వారు ఇచ్చిన మొత్తములు చెక్కియున్నవి. వడ్డీతో ఏటేట ఒక బీదవిద్యార్థికి పుస్తకములు, రుసుము ఇయ్యవలెనని దాతల కోరిక. మొత్తము అట్లే యున్నది, వడ్డీ వచ్చుచున్నది, రసీదులు సరిగానే యున్నవి. ఆ వడ్డీ నేడు ఒక్క పిల్లవాని పుస్తకములకైనను చాలదు. వడ్డీనంతయు ఏటేట ఖర్చుచేయుటచేత, ధరల పెరుగుదలకు సరిపోవు భాగమును మూలధనములో కలుపుట జరుగలేదు. నూటికి ఏడు వడ్డీ వచ్చి, ధరలు అయిదు పెరిగిన యేట, ఖర్చుచేయదగినది రెండు మాత్రమే. తక్కిన అయిదు మొదటికి చేరవలెను. అట్లు చేసినచో మొదటి యేండ్లలో విద్యార్థులకు తక్కువ అందునని కొందరు ఆక్షేపింతురు. అందును. అందుకు పోషకులు ఆ తరుగును పదేండ్లు తమ చేతినుండి పూరింపవలెనని కోరుచున్నాము.

మూడు తీర్మానముల ముసాయిదాలు వ్రాసి తెచ్చినాము. మొదటిది, ఉగాదికి ఉగాదికి మజూరిని సరిచూచుకొనుట; లేబరు బ్యూరోవారు నెలనెల ప్రకటించు పారిశ్రామిక కార్మికుల సూచిక ఎంత పెరిగినదో మజూరి అంత పెరుగవలెను. చీరలు పోని యేట సగము పెంచి, తక్కిన సగమును బాకీగా చీటిపై వ్రాయవచ్చును, వ్రాయక మానరాదు. రెండవది పెండ్లిళ్లలో బంగారపు తూకమును గూర్చినది. మూడవది శాశ్వతనిధులను గూర్చినది. మూడింటిని కార్యదర్శిగారికి అందజేసితిమి. కడపటి రెంటిని ఈ సాయంత్రమే చర్చింపవచ్చును. మజూరి తీర్మానమును మాత్రము రేపటి ఉదయమునకు వాయిదా వేయుడని మనవి. నేటి పడుగు విడిచి రాలేక జమ్మలమడుగునుండి చాలమంది నేతవారు రేపటి మొదటి బస్సుకు వత్తుమని కబురు పంపియున్నారు.